ఆరుగురికి ఒక సాఫ్ట్‌వేర్

జూన్ మొదటి వారంలో ఒక మధ్యాహ్నం వీరవెంకటసత్యనారాయణ గారు మెట్లెక్కి ఆఫీసులోకి వచ్చారు. ఆయనకి వీరవాసరం దగ్గర నాలుగు రొయ్యల చెరువులున్నాయి. తబిత కుర్చీ చూపించింది గానీ ఆయన కూర్చోలేదు.

"నిన్న పొద్దున్న నా మూడో చెరువు నీళ్ళు పట్టుకొచ్చారు కదండీ. రిపోర్టేదండి?"

తబిత ఫోన్ తీసి ఆఫీసు వాట్సాప్ గ్రూపు తెరిచింది. నిన్న శ్యాంబాబు పుట్టినరోజు. కేకు ఫొటోలు, చప్పట్లు కొట్టే బొమ్మలు, చిట్టియ్య వరసగా పెట్టిన ఏడు గులాబీలు. వాటి మధ్యలో ఒకే ఒక్క లైను కనిపించింది. "వీవీఎస్ గారు, చెరువు 3, అమ్మోనియా బాగా ఎక్కువ. వెంటనే చెప్పాలి." ల్యాబ్‌లో పనిచేసే వినీల పదకొండూ ఐదుకి పెట్టిన మెసేజ్ అది. రైతుకి ఫోన్ చేసి చెప్పవలసిన మనిషి తబిత. ఆమె కూడా ఆ గ్రూపులోనే పదకొండూ ఏడుకి "గాడ్ బ్లెస్ యూ శ్యాం" అని పెట్టి ఉంది. పైన ఉన్న లైను మాత్రం చూడలేదు.

"తెల్లారేసరికి రొయ్యంతా గట్టుకి కొట్టుకొచ్చేసిందండి" అన్నారాయన. "నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లన్నీ తిప్పి, నీళ్ళు మార్చి, ఎలాగో మూడొంతులు నిలబెట్టుకున్నాను. పోయిన వొంతు పోయినట్టే."

"తప్పు నాదేనండి" అంది తబిత.

ఆయన ఇంకా ఏదో అనబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయారు. మెట్లు దిగుతూ మాత్రం, "పల్లంరాజు మొహం చూసి మీ దగ్గరున్నానండి. మీ కంపెనీ మొహం చూసి కాదు" అనేసి వెళ్ళారు.

ఆ కంపెనీ పేరు నీటినాడి. భీమవరంలో రొయ్యల మేత అమ్మే ఒక ఫీడ్ దుకాణం పైన రెండు గదులు. ఒకటి ల్యాబ్, ఒకటి ఆఫీసు. వీరదుర్గ, శ్యాంబాబు అనే ఇద్దరు ఇంజినీరింగ్ క్లాస్‌మేట్లు రెండేళ్ళ క్రితం మొదలుపెట్టారు. పొద్దున్నే చెరువుల దగ్గర నీళ్ళు సీసాల్లో పట్టి తీసుకురావడం, ల్యాబ్‌లో చూడడం, ఆ రోజే రైతుకి ఏం చెయ్యాలో చెప్పడం. ఇంతే పని. నీళ్ళు తెచ్చేది పల్లంరాజు, చిట్టియ్య. పరీక్ష చేసేది వినీల. మిషన్ల సంగతి శ్యాంబాబుది. రైతులతో ఒప్పందాలు వీరదుర్గవి. ఈ అయిదుగురికీ మధ్య ఏ మాటా జారిపోకుండా చూసేది తబిత.

మర్నాడు పొద్దున్న వీరదుర్గ అందరినీ కూర్చోబెట్టింది. ఎవరినీ ఏమీ అనలేదు. "ఇంక వాట్సాప్‌తో అవదు. అందరి పనీ ఒకచోట కనబడే సాఫ్ట్‌వేర్ ఏదన్నా తీసుకుందాం. నెలకి రెండు వేలు దాటకూడదు. తబిత గారూ, మీరు చూడండి" అంది.

"నేనాండి?" అంది తబిత.

"శ్యాంకి చెప్తే కొనడు. నేనే రాస్తానని కూర్చుంటాడు, ఆరు నెలలైనా తేలదు. రోజంతా దాంతో ఉండాల్సింది మీరే కదండీ."

శ్యాంబాబు తల అడ్డంగా ఊపాడు గానీ కాదనలేదు.

తబితకి నలభై తొమ్మిదేళ్ళు. ఇరవై రెండేళ్ళు ఒక మిషన్ హైస్కూల్లో గుమాస్తాగా చేసింది. అడ్మిషన్ రిజిస్టరు, హాజరు పట్టీలు, టీసీలు అన్నీ ఆమె చేతిరాతే. ఎవరైనా పదిహేనేళ్ళ కిందట చదివిన పిల్లవాడు పుట్టినతేదీ కాగితం కోసం వస్తే, పేరు వినగానే ఏ బీరువాలో ఏ పుస్తకమో చెప్పేది. పిల్లలు తగ్గి స్కూలు మూసేశాక ఏడాది ఇంట్లో కూర్చుంది. చర్చిలో వినీల వాళ్ళమ్మ చెప్పబట్టి ఇక్కడికొచ్చింది. కంప్యూటర్ రాదని కాదు, టైపింగ్ బాగా వచ్చు. కానీ రిజిస్టరులో ఒక గీత గీస్తే ఆ గీత రేపు కూడా అక్కడే ఉంటుంది. ఇక్కడ ఏదీ పెట్టినచోట ఉండదు.

నాలుగు రోజులు ఆమె కంప్యూటర్ ముందే గడిపింది. మొదటి సాఫ్ట్‌వేర్ తెరిస్తే "మీ వర్క్‌స్పేస్‌కి పేరు పెట్టండి" అంది. అంటే ఆఫీసా, గదా, బల్లా? నీటినాడి అని పెట్టింది. తరవాత "మీ బోర్డుకి పేరు పెట్టండి" అంది. అదీ నీటినాడి అనే పెట్టింది. ఆ తరవాత "ప్రాజెక్ట్‌కి" అంది. మూడూ నీటినాడే అయ్యాయి. ఆ మధ్యాహ్నం వినీల రిపోర్టు ఒక నీటినాడిలో పెడితే తబిత ఇంకో నీటినాడిలో వెతుక్కుంది.

రెండోదాన్లో సీటుకింత అని ఉంది. ఆఫీసులో ఉన్న కుర్చీలు నాలుగే కదా, పల్లంరాజు, చిట్టియ్య ఎప్పుడూ బండి మీదే తిరుగుతారు కదా అనుకుని నాలుగు సీట్లు రాసుకుంది. సీటంటే కుర్చీ కాదు మనిషని వినీల చెప్పాక కొట్టేసి ఆరు రాసింది. ఆరంటే నెలకి మూడు వేల ఆరువందలైంది. దాన్ని పక్కన పెట్టింది.

మూడోది ఉచితం. పదిమంది దాకా ఎప్పటికీ ఉచితమే అని పెద్ద అక్షరాల్లో ఉంది. తబిత సంతోషంగా అందరి పేర్లూ ఎక్కించేసింది. సాయంత్రం ఇంటికెళ్ళబోతూ కింద చిన్న అక్షరాలు చదివింది. తొంభై రోజులు దాటిన రాతలు కనబడవట. కావాలంటే డబ్బు కట్టాలట. ఆమె రెండుసార్లు చదువుకుంది. తన పేజీలు తానే చింపేసుకునే రిజిస్టరు ఎవరికి పనికొస్తుంది? చెరువులో సీడ్, అంటే రొయ్యపిల్ల, వేసిన రోజు నుంచి పట్టుబడి దాకా నాలుగు నెలలు పడుతుంది. పట్టే రోజుకి వేసిన రోజు సంగతి తెలియకపోతే ఎలా?

వీటితోపాటు ఫోన్లు మొదలయ్యాయి. ఆమె నంబరు ఎక్కడెక్కడ ఇచ్చిందో ఆమెకే గుర్తులేదు. రోజుకి ఎనిమిది మంది చేస్తున్నారు. బెంగళూరు నుంచి ఒకబ్బాయి "మేడం, మీ టీమ్‌కి పెయిన్ పాయింట్స్ ఏంటి?" అని అడిగాడు. తబిత కాసేపు ఆలోచించి, పల్లంరాజు గారికి మోకాళ్ళ నొప్పులున్నాయని చెప్పింది.

ఇంటిదగ్గర ఆమె భర్త జయపాల్ ఈ వ్యవహారాన్ని చాలా గట్టిగా పట్టుకున్నాడు. ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు. పాత ప్రశ్నపత్రాల వెనక గడులు గీసి, సాఫ్ట్‌వేర్ల పేర్లు అడ్డంగా, గుణాలు నిలువుగా రాశాడు. డాలర్లలో ఉన్నవి రూపాయల్లోకి మార్చాడు, పన్ను కలిపాడు, ఏడాదికి కడితే ఎంత, నెలనెలా కడితే ఎంత అని వేశాడు. ఆఖరికి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"తబితా, వీటిలో ఏ రెండూ ఒకటే వస్తువు అమ్మట్లేదు. మామిడిపండు డజనుకింత, బియ్యం కిలోకింత, బస్సు మైలుకింత. వీటిలో ఏది చవకంటే ఏం చెప్తాం?"

"మరి నేనేం చెప్పనండి వాళ్ళకి?"

"నాకూ అర్థం కాలేదని చెప్పు."

అది చెప్పడానికే ఆమెకి మొహం చెల్లలేదు. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. ఆఫీసులో అందరికన్నా పెద్దది తనే, పల్లంరాజు కాక. ఒక రైతు చెరువు తన మూలాన పాడైంది. ఇప్పుడు ఇది కూడా తేల్చలేకపోతే తనెందుకు?

ఇంకో వారం గడిచేసరికి ఆఫీసు మరీ అయోమయంగా తయారైంది. నాలుగు సాఫ్ట్‌వేర్లు ఒకేసారి ట్రయల్‌లో ఉన్నాయి. శ్యాంబాబు ఒకదాన్లో రాస్తున్నాడు, వినీల ఇంకోదాన్లో. చిట్టియ్యకి అన్నింటి నుంచీ గంటలు మోగుతుంటే ఫోన్ కట్టేశాడు. పల్లంరాజు ఏదీ ముట్టుకోకుండా ఎప్పటిలా వాయిస్ మెసేజ్ పెడుతున్నాడు. తబిత మాత్రం ఎందుకైనా మంచిదని ఒక తెల్ల నోటుపుస్తకం కొనుక్కుని, ఎవరికీ చెప్పకుండా సొరుగులో పెట్టుకుని, అందులో అన్నీ రాసుకుంటోంది. ఆ పదిరోజుల్లో ఒక్క రిపోర్టూ తప్పిపోలేదంటే ఆ పుస్తకం వల్లే.

ఆఖరికి రెండు మిగిలాయి. ఒకటి చాలా సాదాగా ఉంటుంది. గళ్ళు, పేర్లు, టిక్కులు, అంతే. బొమ్మలు లేవు, గ్రాఫులు లేవు, మెనూ అంతా ఇంగ్లీషే. జట్టు మొత్తానికి నెలకి పద్దెనిమిది వందలు. ఎంతమందని లెక్క లేదు. రెండోది ముచ్చటగా ఉంది. చెరువువారీగా గ్రాఫు వస్తుంది, రైతుకి తనంతట తానే మెసేజ్ పంపుతుంది, తెలుగులో కూడా కనిపిస్తుంది. మనిషికి నాలుగువందల ఎనభై. ఆరుగురికైతే రెండు వేలు దాటిపోతుంది. కానీ దానిలో గెస్ట్ అనే పద్ధతొకటి ఉంది. గెస్టులకి డబ్బు కట్టక్కర్లేదు. వాళ్ళకి చూపించిన పేజీ చూడొచ్చు, వివరాలు నింపొచ్చు, మార్చడానికి మాత్రం లేదు. బయట తిరిగే ఇద్దరికీ అంతకన్నా ఏం కావాలి? నాలుగు సీట్లు, ఇద్దరు గెస్టులు, నెలకి పందొమ్మిది వందల ఇరవై.

ఈ లెక్క తట్టినప్పుడు తబితకి నెల రోజుల్లో మొదటిసారి తేలిగ్గా ఊపిరాడింది. వీరదుర్గకి చూపించింది.

"అబ్బ, భలే పట్టారండి!" అంది వీరదుర్గ. శ్యాంబాబు గ్రాఫులు చూసి మురిసిపోయాడు. ఆ సాయంత్రమే కొనేశారు. ఫీల్డు మీద తిరిగేవాళ్ళకి సులువుగా ఉంటుందని తబిత పల్లంరాజు ఫోన్‌లోనూ చిట్టియ్య ఫోన్‌లోనూ తెలుగు పెట్టి ఇచ్చింది.

రెండు రోజుల తరవాత పల్లంరాజు కొత్తగా ప్రవర్తించడం మొదలుపెట్టాడు.

అతనికి యాభై అయిదేళ్ళు. పేరుపాలెం వైపు సముద్రం మీద వేటకెళ్ళిన మనిషి. మోకాళ్ళు అరిగి పడవ మానేశాడు. వీరదుర్గ నాన్నా అతనూ ఒకే పడవ మీద పనిచేశారు, ఆమె అతన్ని పెదనాన్నా అనే పిలుస్తుంది. రోజూ పది గంటలకి సీసాల పెట్టె తీసుకుని మెట్లెక్కి, తిన్నగా ల్యాబ్‌లోకి వెళ్ళిపోయి, మంచినీళ్ళు తాగి, వినీలని "ఏమ్మా, టిఫిన్ తిన్నావా" అని అడిగేవాడు. అలాంటివాడు ఆ రోజు గుమ్మం బయట చెప్పులు విప్పి, వచ్చినవాళ్ళ కోసం వేసిన బల్ల మీద కూర్చున్నాడు.

"లోపలికి రావచ్చాండి?" అన్నాడు.

తబిత నవ్వింది, వేళాకోళం అనుకుని. అతను నవ్వలేదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. సీసాలు టైముకి తెస్తున్నాడు, ఏ లోటూ లేదు. ఫోన్‌లో మాత్రం ఒక్క ముక్క నింపడం లేదు. వాయిస్ మెసేజులు కూడా ఆగిపోయాయి. చీటీ మీద చెరువు నంబరూ టైమూ రాసి, తబిత బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడుతున్నాడు.

ఫోన్‌లో నింపడం రాకేమోనని తబిత ఒక గంట కూర్చోబెట్టి నేర్పించింది. ఆయ్, ఆయ్ అంటూ విన్నాడు. మర్నాడు మళ్ళీ చీటీయే.

"పల్లంరాజు గారూ, ఇది ఎక్కడ కష్టంగా ఉందో చెప్పండి, మారుద్దాం."

"కష్టమేం లేదండి. వచ్చినోళ్ళం వచ్చినట్టుండాలి గానీ, మాకెందుకండి అయన్నీ."

తబితకి ఏమీ అర్థం కాలేదు. వినీలని అడిగింది. ఇంట్లో ఏదైనా గొడవేమో అంది వినీల. చిట్టియ్యని అడిగింది. తనకేమీ తెలియదన్నాడు. జయపాల్‌ని అడిగితే ఆయన జీతం విషయం అయుంటుందన్నాడు. జీతం పోయిన నెలే పెరిగింది. పాత సాఫ్ట్‌వేర్ల అయోమయం ఒక రకం, అది కంప్యూటర్ డబ్బాలో ఉండేది. ఇది మనిషి మొహం మీద కూర్చుంది.

జులై రెండో వారంలో ఒక పొద్దున్న, నేనూ మీతో వస్తానని అతని బండి వెనక ఎక్కింది తబిత. అతను కాదనలేదు. సీటు మీద మట్టి తువ్వాలుతో తుడిచి, "జాగర్తగా కూర్చోండి మేడంగారూ" అన్నాడు. ఎప్పుడూ తబితమ్మ గారూ అనే మనిషి.

ఆరు చెరువులు తిరిగారు. అతను పని చేసే తీరు ఆమె అంతకుముందు చూడలేదు. గట్టు మీద నుంచి ముందు నీళ్ళకేసి ఊరికే చూస్తాడు. తరవాత వంగి గుప్పెడు తీసుకుని వాసన చూస్తాడు. మేత పెట్టే చెక్ ట్రే పైకి లాగి, నాలుగు రొయ్యల్ని అరచేతిలో వేసుకుని వాటి పేగు నిండి ఉందో లేదో చూస్తాడు. ఆ తరవాతే సీసా ముంచుతాడు. సీసా మీద రాసేది మాత్రం నంబరూ టైమూ. చూసిందీ వాసన పట్టిందీ ఏదీ ఎక్కడా రాయడు. రాయడానికి చోటు లేదు.

వీరవెంకటసత్యనారాయణ గారు ఆ రోజు గట్టు మీదే ఉన్నారు. తబితని గుర్తుపట్టి తల ఊపారు. పల్లంరాజుని, "ఏంటి రాజు, మీ కంపెనీ ఎలా ఉంది?" అని అడిగారు.

"ఆళ్ళ కంపెనీ బానే ఉందంటండి" అన్నాడు పల్లంరాజు. "నేను నీళ్ళు మోసిచ్చేవోణ్ణి."

తబిత అతని వైపు తిరిగి చూసింది. రెండేళ్ళుగా అతను ప్రతి గట్టు మీదా మా కంపెనీ, మా అమ్మాయి అని చెప్పుకు తిరిగాడని ఆమె విన్నది. రైతు అవతలి గట్టుకి వెళ్ళేదాకా ఆగి అడిగింది.

"ఆళ్ళ కంపెనీ ఏంటండి? ఏమైంది మీకు? నేనేమన్నా అన్నానా?"

అతను చేతులు తువ్వాలుకి తుడుచుకుని, చొక్కా జేబులోంచి ఫోన్ తీసి, తెరిచి ఆమె చేతికిచ్చాడు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో జట్టు పేజీ అది. వీరదుర్గ, శ్యాంబాబు, వినీల, తబిత. నలుగురి పేర్ల పక్కనా 'సభ్యులు' అని ఉంది. వాటి కింద ఒక గీత. గీత కింద చిట్టియ్య, పల్లంరాజు. ఆ రెండు పేర్ల పక్కన బూడిదరంగులో 'అతిథి' అని ఉంది.

"అయిదో తరగతి దాకా చదువుకున్నానండి. ఈ మాత్రం చదవగలను" అన్నాడు పల్లంరాజు. "ఇది మీరే రాశారా?"

"నేను రాయలేదండి. అదే... అదే రాసుకుంది."

"అదంటే ఎవరండి?"

"కంప్యూటర్."

"మరి కంప్యూటర్‌కి నేను చుట్టాన్నని ఎవరు చెప్పారండి?"

చెప్పింది తబితే. గెస్ట్ అన్న గడి దగ్గర టిక్కు పెట్టింది తనే. ఆ టిక్కు పెట్టినప్పుడు తన కళ్ళకి కనబడింది నాలుగువందల ఎనభై రూపాయలు. ఇంగ్లీషులో ఉన్నంతసేపు అది ఒక ధర పేరు. తెలుగులోకి మార్చి ఇవ్వడంతో అది ఒక మాట అయి కూర్చుంది. అది కూడా సాయం చేద్దామనే చేసింది.

"మా అమ్మాయి దుర్గ ఇంజినీరింగ్ అయ్యాక కంపెనీ పెడతానంటే ఒక్కడూ నమ్మలేదండి" అన్నాడు అతను, నీళ్ళకేసి చూస్తూ. "నా బండి మీద తిప్పాను. ముప్పై మంది రైతుల దగ్గిరకి. అది నేనేం లెక్కేసుకోలేదు. చుట్టమని రాసింది చూశాక లెక్కొచ్చింది."

తిరిగొచ్చే దారిలో తబిత సారీ అని ఒకసారి చెప్పింది. గాలికి అతనికి వినబడిందో లేదో తెలియదు.

ఆఫీసుకి వచ్చాక ఆ కంపెనీకి ఫోన్ చేసింది. ఒక అమ్మాయి చాలా మర్యాదగా విన్నది. ఆ పదం మార్చడానికి వీల్లేదు మేడం అంది. పదం తీసేసి ఖాళీగా ఉంచొచ్చా అని అడిగింది తబిత. వీల్లేదు మేడం. పోనీ మా నలుగురికీ కూడా అతిథి అని పెట్టండి. అవతలి అమ్మాయి తికమకపడింది. అందరూ గెస్టులైతే అకౌంట్ ఎవరిది మేడం అంది. తబిత ఫోన్ పెట్టేసింది.

వీరదుర్గకి చెప్పింది. ఆమె మొదట తేలిగ్గా తీసుకుంది. "నేను పెదనాన్నకి చెప్తాన్లెండి, ఒట్టి మాటే కదా."

"ఆయనకి ఒట్టి మాట కాదండి."

"మరి మీరు ముందే చూసుకోవాలి కదా తబిత గారూ?"

"మీరు రెండు వేలన్నారు" అంది తబిత. అన్నాక తనకే భయం వేసింది. తొమ్మిది నెలల్లో ఆమె ఎదురు చెప్పడం అదే మొదలు.

వీరదుర్గ మొహం ఎర్రబడింది. ఏదో అనబోయి, కిటికీ దగ్గరకెళ్ళి కింద ఫీడ్ బస్తాలు దించుతున్న లారీని చూస్తూ నిలబడింది. శ్యాంబాబు మధ్యలోకి వచ్చి, ఆ అక్షరాలు కనబడకుండా చేసే చిన్న కోడ్ ఒకటి తను రాస్తానన్నాడు. మూడు రోజులు కష్టపడి రాశాడు. కంప్యూటర్‌లో ఆ మాట మాయమైంది. ఫోన్‌లో మాత్రం అలాగే ఉంది, పైగా ఇంకొంచెం పెద్దదైంది.

నాలుగో రోజు పొద్దున్న తబిత అనుకున్నది చెప్పేసింది. "ఇది వదిలేసి ఆ సాదాది తీసుకుందామండి. దాన్లో ఎంతమందైనా ఒకటే ధర. ఒకటే వరస."

"గ్రాఫులు పోతాయి" అన్నాడు శ్యాంబాబు.

"పోతాయండి. రైతుకి మెసేజ్ కూడా దానంతట అది వెళ్ళదు. నేను ఫోన్ చేస్తాను."

"కరెక్టేనంటారా?" అంది వీరదుర్గ.

"తెలీదండి" అంది తబిత. నిజంగానే తెలియదు. ఆ గ్రాఫులు చూపించి ఇద్దరు పెద్ద రైతుల్ని తెచ్చుకుంది వీరదుర్గ. వాళ్ళు పోతే? ఒక్క మాట కోసం ఇంత మార్పు పిచ్చితనమా? ఆమె లోపల అటూ ఇటూ ఊగుతూనే ఉంది. కానీ చెయ్యాల్సింది మాత్రం ఇదేననిపిస్తోంది.

"కానివ్వండి" అంది వీరదుర్గ.

వినీలా తనూ కూర్చుని నాలుగు వారాల రిపోర్టులు చేత్తో ఎక్కించారు. నాలుగు రోజులు పట్టింది. కొత్తదాన్లో పేర్లు ఎక్కిస్తుంటే అది ఓనర్ ఎవరని అడిగింది. ఒక్కరే ఉండాలట. తబిత వెళ్ళి వీరదుర్గని అడిగితే శ్యాం పేరు పెట్టమంది, రోజూ పాస్‌వర్డులు అడిగితే తనవల్ల కాదంది. శ్యాంబాబుని అడిగితే దుర్గ పేరు పెట్టమన్నాడు. రెండుసార్లు తిరిగి విసిగిపోయి, రేపు మార్చొచ్చులే అని తన పేరే పెట్టేసింది తబిత.

పల్లంరాజు ఆ పేజీ తన ఫోన్‌లో చూసుకున్నాడు. ఆరు పేర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, గీత లేదు. అయినా రెండు రోజులు మళ్ళీ బయటి బల్ల మీదే కూర్చున్నాడు. మూడోరోజు చిట్టియ్య తబిత పేరు పక్కనున్న ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని పైకి చదివాడు. పల్లంరాజు లేచి లోపలికొచ్చి తబిత బల్ల ముందు నిలబడ్డాడు.

"అయితే మా ఓనరు మీరాండి తబితమ్మ గారూ?"

వినీల ల్యాబ్‌లోంచి గట్టిగా నవ్వింది. తబితకి నవ్వాలో సంజాయిషీ చెప్పాలో తెలియక రెండూ ఒకేసారి చెయ్యబోయి దగ్గు తెచ్చుకుంది. అతను కుండలోంచి మంచినీళ్ళు ముంచి ఆమెకిచ్చి, తనూ తాగాడు.

ఆ మాట అక్కడితో అయిపోయిందని చెప్పలేం. అతను ఎప్పటిలా మా కంపెనీ అనడానికి ఇంకో నెల పట్టింది. ఎప్పుడు మొదలుపెట్టాడో కూడా ఎవరూ గమనించలేదు.

ఫోన్‌లో నింపడం మాత్రం తిరిగి వాయిస్‌తో మొదలైంది. గట్టు మీద తడి చేతులతో టైపింగ్ అవదు. అతను చెబుతాడు, తబిత ఎక్కిస్తుంది. ఆగస్టులో ముసురు పట్టిన ఒక పొద్దున్న అతను ఉండి ఊరి దగ్గర ఒక చెరువు గురించి, "నీళ్ళు టీ రంగులోకి తిరిగాయండి. కుళ్ళిన ఆకు వాసనొత్తంది. రొయ్య పేగు సగమే నిండింది. నాకెందుకో నచ్చలేదండి" అని పెట్టాడు. తబిత ఆ మాటలు గడిలో టైపు చేస్తే ఎర్రగా వెలిగింది. అంకె మాత్రమే రాయమంది. ఇంకో గడిలో ప్రయత్నించింది. అదీ ఎర్రబడింది. ఆ గడుల్లో రంగుకి చోటు లేదు, వాసనకి లేదు, నచ్చకపోవడానికి అసలే లేదు.

అరగంట వెతికి, ఏది నొక్కిందో తనకే తెలియకుండా, పక్కన ఒక కొత్త నిలువు వరస తెచ్చింది. దానిలో ఏదైనా రాయొచ్చు. పైన పేరు పెట్టమని అడిగితే 'గట్టు మీద చూసింది' అని తెలుగులో పెట్టింది. పల్లంరాజు మాటలు మాట పొల్లుపోకుండా ఎక్కించింది.

ల్యాబ్‌లో ఆ నీళ్ళ అంకెలన్నీ ఆ రోజు బాగానే వచ్చాయి. వినీల రెండుసార్లు చూసింది. తబిత ఆ వరసకేసీ అంకెలకేసీ మార్చి మార్చి చూసింది. దేన్ని నమ్మాలి? రైతుకి ఏమని చెప్పాలి? అంకెలు బాగున్నాయి గానీ మా రాజు గారికి నచ్చలేదండి అని చెబుతారా ఎవరైనా?

ఫోన్ తీసుకుని రైతు నంబరు కలిపింది.

"నమస్కారమండి, నీటినాడి నుంచి తబితనండి. రిపోర్టు ప్రకారం నీళ్ళు బాగానే ఉన్నాయండి. కానీ మా పల్లంరాజు గారు రంగు మారిందంటున్నారు. ఇవ్వాళ మేత సగం తగ్గించి, ఏరియేటర్లు ఆపకుండా ఉంచండి. మధ్యాహ్నం మళ్ళీ సీసా తీసుకుంటాం. నాకూ పూర్తిగా తెలీదండి, తెలియగానే చెప్తాను."

మధ్యాహ్నం తెచ్చిన సీసాలో అమ్మోనియా పైకి లేచింది. అప్పటికే ఏరియేటర్లు నాలుగు గంటలుగా తిరుగుతున్నాయి. చెరువులో ఒక్క రొయ్యా పోలేదు.

సాయంత్రం శ్యాంబాబు ఆ కొత్త వరస చూసి, అన్ని చెరువులకీ పెట్టేద్దాం, ఎలా తెచ్చారో చూపించండి అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తబిత మౌస్ పట్టుకుని మొదటి మెనూ తెరిచింది, అది కాదు. రెండోది తెరిచింది, అదీ కాదు.

"పొద్దున్న వచ్చిందండి, ఇక్కడే ఎక్కడో" అంది, మూడోది తెరుస్తూ.